ఒంటరి తండ్రికి కాలమ్ లేదు

పోయిన దసరాకి హిందూపురం వెళ్ళినప్పుడు, ఒక పూట రైలెక్కి ధర్మవరం పోయి మా చిన్నమామని చూసొచ్చాను. మామ మగ్గం నేస్తాడు. నేను వెళ్ళేసరికి గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఉన్నాడు గానీ నేయట్లేదు, తెగిన పోగులు అతుక్కుంటున్నాడు. పక్కన పీట మీద ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మూడు కాయితాలు: మా అవ్వ డెత్ సర్టిఫికెట్టు, ఇంటి పట్టా జిరాక్సు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు.

"ఏం మామా, ఇల్లు నీ పేరుకి మారిందా?" అన్నాను.

"యాడ మారేదిరా అల్లుడూ! మీ అమ్మ సంతకం పెట్టింది. మీ పెద్దమ్మ సంతకం ఇంకా కావల్లంట" అన్నాడు.

ఆ ఇంట్లో ఉండేది మామ, ఆయన ఇద్దరు పిల్లలు. కట్టించింది మామ. అప్పు తీరుస్తున్నదీ మామే. మరి మా అమ్మ సంతకం, పెద్దమ్మ సంతకం ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే ధాత కరువు దాకా వెళ్ళాల్సొచ్చింది. నేను చరిత్రకారుణ్ణి కాదు, బెంగుళూరులో కోడు రాసుకుని బతికేవాణ్ణి. అయినా కాయితాలు చదవడం, అందులో ఎక్కడ తేడా కొడుతుందో పట్టుకోవడం నా వృత్తే కాబట్టి ధైర్యం చేస్తున్నాను.

ముందు కథ చెప్తాను.

మా అత్త 2018లో కామెర్లతో పోయింది. అప్పటికి పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఐదు. మగ్గం సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట: మగ్గం మీద కూర్చునేది ఒకడే అయినా చీర నేసేది ఇల్లంతా. కండెలు చుట్టేది, పోగులు అతికేది, పక్కనుండి సాయం చేసేది ఇంట్లో ఆడవాళ్ళు. లెక్కల్లోకి మాత్రం నేతగాడొక్కడే వస్తాడు. అత్త పోయిన తర్వాత నెలకి నాలుగు చీరలు దిగే మగ్గం మీద రెండే దిగేవి. మామ పొద్దున అన్నం వండి, పిల్లల్ని బడికి తోలి, పదిగంటలకి గుంటలో దిగేవాడు. అంటే ఇంట్లో ఒక మనిషి తగ్గితే, సంపాదన సగం తగ్గింది, పని రెండింతలయింది.

అప్పుడు అరవై ఎనిమిదేళ్ళ మా అవ్వ వచ్చి ఆ ఇంట్లో కూర్చుంది. పొయ్యి, రాట్నం, పిల్లలు మూడూ ఆమె మీద పడ్డాయి.

2020 డిసెంబర్ 25న రాష్ట్రమంతా పేదలకి ఇళ్ళ స్థలాలు పంచడం మొదలైంది, గుర్తుందా? నవరత్నాలు - పేదలందరికీ ఇళ్ళు. దాదాపు 30 లక్షల పట్టాలు, అన్నీ ఆడవాళ్ళ పేరు మీద. పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షలు. మామ దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకి పోయాడు. కౌంటర్లో పిల్లవాడు మర్యాదగానే చెప్పాడట. "అన్నా, ఆడోళ్ళ పేరు మీదే ఇస్తాండాం. మీ ఇంట్లో ఆడోళ్ళు ఎవరుండారు?" అని. "మా అమ్మ ఉండాది" అన్నాడు మామ. "అయితే సరిపోయె" అని అవ్వ పేరు రాసుకున్నారు. అందరికీ సంతోషం. పని అయిపోయింది.

2024లో అవ్వ పోయింది. వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం 1956లో 15వ సెక్షన్ అని ఒకటుంది. ఆడమనిషి వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తి ముందుగా ఆమె కొడుకులకీ, కూతుళ్ళకీ, భర్తకీ పోతుంది. తాత ఎప్పుడో పోయాడు. అంటే మామకి, మా పెద్దమ్మకి, మా అమ్మకి తలా ఒక వాటా. ఒక తండ్రీ ఇద్దరు పిల్లల కోసం ఇచ్చిన ఇంట్లో, హిందూపురంలో సొంతిల్లున్న మా అమ్మకి మూడో వంతు! మా అమ్మ నవ్వి సంతకం పెట్టేసింది. పెద్దమ్మ చెడ్డది కాదు, ఆమెకీ ఇబ్బందులున్నాయి. ఆమె ఇంట్లో అల్లుళ్ళు "తొందరేముంది" అంటున్నారు. అంతే, కవరు పీట మీదే ఉంది.

ఇక్కడ మామకి ఎవరూ ద్రోహం చెయ్యలేదు. రూలు రాసినవాళ్ళు మంచికే రాశారు, కౌంటర్లో పిల్లవాడు సాయమే చేశాడు. అయినా ఫలితం ఇది. ఎందుకంటే మన ప్రభుత్వ కాయితాల్లో "పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటున్న మగవాడు" అనే కాలమ్ లేదు. నూట యాభై ఏళ్ళుగా లేదు.

నూట యాభై అన్నది ఊరికే అన్నమాట కాదు. 1876-78 ధాత కరువు నాటికి పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అన్నీ బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1882లో అనంతపురం జిల్లా విడిపోయింది, 2022 ఏప్రిల్‌లో అందులోంచి శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువుకి బాగా దెబ్బతిన్న చోట్లలో బళ్ళారి ఒకటి. రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కూలీ తగ్గించి పోయాడు: మగ మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిగా చిల్లర. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, 1883లో కరువు కోడ్ వచ్చింది. మన దేశంలో "ప్రభుత్వ సాయం ఎవరికి" అన్న ప్రశ్నకి పద్ధతిగా రాసిన మొదటి జవాబుల్లో ఇదొకటి.

ఆ కోడ్ జనాన్ని రెండుగా చీల్చింది. ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు ఒక వైపు: వాళ్ళు రాళ్ళు కొట్టాలి, చెరువు తవ్వాలి, కూలీ తీసుకోవాలి. పని చెయ్యలేనివాళ్ళు రెండో వైపు: ముసలివాళ్ళు, రోగిష్టివాళ్ళు, దిక్కులేని పిల్లలు, ఆచారం కొద్దీ బయటికి రాని ఆడవాళ్ళు. వీళ్ళకి ఊరికే సాయం. చదివితే న్యాయంగానే ఉంటుంది. కానీ ఒక మనిషి ఒళ్ళు గట్టిగా ఉండి, చంకలో పసిపిల్ల కూడా ఉంటే? ఆడమనిషి అయితే ఎవరో ఒకరు జాలిపడతారు. మగవాడైతే "నీకేం రోగం, పనికి పో" అంటారు. మగవాడు అంటే పనివాడు, ఆడమనిషి అంటే పిల్లల తల్లి. ఒక మనిషి రెండూ కావచ్చన్న ఊహ చాలామందికి తట్టదు.

దొరలు పోయారు గానీ ఆ విభజన పోలేదు. దీనికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ గారు నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. మంచి చట్టం, మా వైపు వలసల్ని ఎంతో కొంత ఆపింది. ఆ చట్టంలో ఒక రూలు ఉండేది: పనికి వచ్చిన ఆడవాళ్ళ వెంట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువమందో ఉంటే, వాళ్ళని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి అని. "ఆడవాళ్ళ వెంట" అని రాశారు, "పనివాళ్ళ వెంట" అని కాదు. నాన్న చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్ల ఆ ఐదుగురి లెక్కలోకి వస్తుందా, రాదా? రాసినవాళ్ళకి ఆ ప్రశ్నే వచ్చి ఉండదు.

సరే, ఇళ్ళ సంగతికి వద్దాం. మన రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ 1979లో పుట్టింది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇళ్ళ మాట ఊరూరా వినపడింది. 1985 నుంచి ఆయన మా హిందూపురం ఎమ్మెల్యేనే కాబట్టి మా ఊళ్ళో ఈ కబుర్లకి కొదవ లేదు. మొదట్లో పట్టా అంటే ఇంటి పెద్ద పేరు మీద, ఇంటి పెద్ద అంటే మగవాడు. ఆ ఇళ్ళు ఏమయ్యాయో మా వీధిలో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. కొన్ని సారాయి అంగడికి పోయాయి, కొన్ని పేకాటకి పోయాయి. భార్యకి తెలియకుండానే ఇల్లు తాకట్టు పడేది.

అందుకే రూలు మారింది. ఆరో పంచవర్ష ప్రణాళిక (1980-85) భార్యాభర్తల ఇద్దరి పేరునా పట్టాలివ్వాలంది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన ఇల్లు ఆడమనిషి పేరునో, ఇద్దరి పేరునో ఉండాలంది. అదే సంవత్సరం ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచాక ఇంటిని నిలబెట్టేది ఎవరో అందరికీ అర్థమైంది. మా అనంతపురంలో ఆర్డీటీ కట్టించిన ఇళ్ళు కూడా ఆడవాళ్ళ పేరునే ఉంటాయి. ఈ రూలు సరైనదే. దీన్ని తీసెయ్యమని నేను అనట్లేదు, ఎవరన్నా అంటే వాళ్ళతో పోట్లాడతాను కూడా.

నా గొడవ ఆ రూలు చివర్లో ఉండే ఒక్క లైను గురించి. ఇందిరా ఆవాస్ మార్గదర్శకాల్లో ఆ లైను ఉంది: కుటుంబంలో అర్హురాలైన ఆడమనిషి లేకపోతే మగవాడి పేరున ఇవ్వచ్చు అని. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ పట్టణ పథకంలోనూ ఉంది: వయసొచ్చిన ఆడమనిషి ఎవరూ లేనప్పుడు మాత్రమే మగవాడి పేరున అని. మా భాషలో చెప్పాలంటే ఎల్స్ బ్రాంచి రాశారు, కానీ ఎవరూ టెస్ట్ చెయ్యలేదు. ఆ లైను ఏమడుగుతోందో చూడండి. "పిల్లల్ని పెంచుతున్నది ఎవరు" అని అడగదు, "ఇంట్లో ఆడమనిషి ఉందా" అని అడుగుతుంది. అవ్వ ఉంటే చాలు, తండ్రి కనపడడు. అవ్వ డెబ్బై ఏళ్ళ మనిషి కదా, రేపు ఆమె పోతే ఏమిటి అన్న ఆలోచన ఆ రూల్లో లేదు.

ఈ విషయం కోర్టుదాకా వెళ్ళింది కూడా. నవరత్నాలు ఇళ్ళ పథకం మీద తెనాలి వైపు వాళ్ళు వేసిన కేసులో 2021 అక్టోబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి, జస్టిస్ ఎం. సత్యనారాయణమూర్తి గారు, ఆడవాళ్ళకి మాత్రమే అనడం తప్పు, అర్హులైన మగవాళ్ళకీ ట్రాన్స్‌జెండర్లకీ కూడా ఇవ్వాలి అన్నారు. సెంటు స్థలం మనిషి బతకడానికి చాలదని కూడా అన్నారు. ఒక సెంటు అంటే 48 గజాల చిల్లర. గుంట మగ్గం వేసుకుని, మిగిలిన చోట పిల్లల్ని పడుకోబెట్టుకునేవాడిని అడగండి, ఆ మాట విలువ చెప్తాడు. కానీ ఆ తీర్పు నిలవలేదు. అదే ఏడాది పిటిషన్ వెనక్కి తీసుకోవడంతో డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టింది. పేపర్లలో అదంతా అధికార పక్షం, ప్రతిపక్షం గొడవగానే వచ్చింది. ఆ మధ్యలో మా మామలాంటి వాళ్ళ ప్రశ్న ఒకటుందని ఎవరికీ గుర్తులేదు. 2024లో ప్రభుత్వం మారాక పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు అన్నారు. కొలత మారింది, మంచిదే. కాలమ్ మాత్రం రాలేదు.

ఇక పింఛన్లు. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వితంతువులకి, ఒంటరి మహిళలకి నెలకి 4,000. చేనేతవాళ్ళకి యాభై నిండితే అంతే. మామకి యాభై నిండాక వస్తుంది, అది నేతగాడిగా. భార్య పోయి పిల్లల్ని పెంచుతున్నవాడిగా ఏమీ రాదు. అసలు ఆ స్థితికి మన నోట్లో మాటే లేదు చూడండి. "విధురుడు" అనే మాట నిఘంటువులో ఉంది, ధర్మవరం సందులో ఎవరన్నా అనగా విన్నారా? "పెండ్లాం పోయినోడు" అంటారు. "ఒంటరి మహిళ" సర్కారు మాట అయింది, పథకం అయింది, నెలకి నాలుగు వేలయింది. "ఒంటరి తండ్రి" మాట కాలేదు, అందుకే కాలమ్ కాలేదు, కాలమ్ కాలేదు కాబట్టి సాయమూ కాలేదు.

మాట ఎందుకు పుట్టలేదంటే, మన సమాజం భార్య పోయినవాడికి ఒక "పథకం" ఎప్పుడో రాసిపెట్టింది: మళ్ళీ పెళ్ళి. దినాలు కాకముందే సంబంధాలు మొదలు. భార్యకి చెల్లెలుంటే ఆమెనే ఇచ్చేవాళ్ళు, పిల్లలకి పరాయిది రాదు కదా అని. వితంతువు పెళ్ళి కోసం కందుకూరి 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో అంత యుద్ధం చెయ్యాల్సొచ్చింది. భార్య పోయిన మగవాడికి ఏ యుద్ధమూ అక్కర్లేదు. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు భార్య పోయిన ముసలాయన, పసిపిల్లని పెళ్ళాడబోయాడు. ఆయన ఇంట్లోనే విధవ అయిన కూతురు మీనాక్షి ఉంది. ఆ రెండు బతుకులూ ఒకే ఇంట్లో పెట్టి గురజాడ చూపించాడు. కాబట్టి ప్రభుత్వాలు వితంతువు గురించి ముందు ఆలోచించడం పూర్తిగా న్యాయం.

కానీ అందరూ లుబ్ధావధాన్లు కారు. మామని కూడా చుట్టాలు అడిగారు. "కూలీ మగ్గం నేసేవాడికి, ఇద్దరు పిల్లలున్నోడికి ఎవరిస్తారప్పా? ఇచ్చినా నా బిడ్డలకి అన్నం పెడ్తాదో లేదో" అన్నాడు. పాత పథకం డబ్బున్నవాడికే పనిచేస్తుంది. డబ్బు లేనివాడికి పాతదీ లేదు, కొత్తదీ లేదు.

పెనుకొండలో ఇంకో రకం చూశాను. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకి రాజధాని అయిన ఊరు, మూడు నాలుగు వందల ఏళ్ళు నిద్రపోయి, 2019లో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ రాగానే అద్దెలతో మేలుకుంది. అక్కడ విడిభాగాల కంపెనీలో షిఫ్టు చేసే మా స్నేహితుడొకడు, విడాకులయ్యాయి, ఏడేళ్ళ బాబు అతని దగ్గరే. ఇల్లు అద్దెకి అడిగితే "ఫ్యామిలీకే ఇస్తాం" అన్నారట నాలుగు చోట్ల. "నేనూ నా కొడుకూ ఫ్యామిలీ కాదాన్నా?" అంటే, "ఫ్యామిలీ అంటే ఆడోళ్ళు ఉండల్ల గదప్పా" అన్నారట. చివరికి వాళ్ళమ్మని పదిరోజులు తెచ్చి చూపించి ఇల్లు దొరికించుకున్నాడు. ఇంటి ఓనరుకీ సర్కారుకీ ఒకటే డెఫినిషన్ అన్నమాట :)

ఇంకో వింత. ఆస్తి ఉన్న ఇంట్లో మన చట్టం తండ్రినే ముందు చూస్తుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ప్రకారం పిల్లలకి సహజ సంరక్షకుడు ముందు తండ్రి, ఆ తర్వాతే తల్లి. గీతా హరిహరన్ 1999లో సుప్రీంకోర్టుదాకా వెళ్తేగానీ ఆ "తర్వాత" అన్న మాట కాస్త మెత్తబడలేదు. ఆస్తి లేని ఇంట్లో మాత్రం పథకాలు తల్లినే ముందు చూస్తాయి. 2020 జనవరిలో అమ్మ ఒడి వచ్చింది: డబ్బు తల్లి ఖాతాలోకి, తల్లి లేకపోతే గుర్తింపు పొందిన సంరక్షకుడికి. అంటే కన్నతండ్రి "సంరక్షకుడు" అనే గదిలోకి వచ్చాడు, మేనమామతో, తాతతో పాటు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది, పిల్లకి 13,000 తల్లి ఖాతాలో. పేర్లోనే తల్లి. మామ బడికి నాలుగుసార్లు తిరిగి అత్త ఆధార్ బదులు తన ఆధార్ ఎక్కించుకోవాల్సొచ్చింది. ప్రతిసారీ అత్త చనిపోయిందని ఇంకో మనిషికి మొదట్నుంచీ చెప్పుకోవాలి. పిల్లవాడు పక్కనే నిలబడి వింటుంటాడు.

ఒక మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్: రేషన్ కార్డుకి ఇంటి పెద్ద పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దావిడ. అలాంటివాళ్ళు లేకపోతే పెద్ద వయసు మగవాడు, ఇంట్లో ఆడపిల్లకి పద్దెనిమిది నిండగానే ఆమె. ఇది ఎల్స్ బ్రాంచిని ఆలోచించి రాసిన కోడ్. ఎవరూ బయటపడిపోరు.

కానీ ఈ సెక్షన్ చదువుతున్నప్పుడే నాకు గుండె కలుక్కుమంది. మామ కూతురికి పదహారు దాటింది. అవ్వ పోయాక పొయ్యి ఆ పిల్లదే, కండెలు ఆ పిల్లవే. ఇంటర్ చేరింది గానీ వారానికి మూడు రోజులే కాలేజీకి పోతోంది. ఇన్నాళ్ళూ దీన్ని మగవాడి కష్టంగా చూస్తూ వచ్చాను. అది సగమే. తండ్రికి రావాల్సిన సాయం రాకపోతే ఆ బరువు గాల్లో ఉండదు, ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి మీద పడుతుంది. ముందు అరవై ఎనిమిదేళ్ళ అవ్వ మీద పడింది, ఇప్పుడు పదహారేళ్ళ పిల్ల మీద. "మగవాడికి సాయమెందుకు" అనేవాళ్ళు ఆ పిల్లని ఒకసారి చూడాలి. తండ్రి కాలమ్ ఖాళీగా ఉంటే, దాన్ని నింపుతున్నది కూతురు.

ఈ సంగతి వేరే దేశాలవాళ్ళు మనకన్నా ముందు గుర్తించారు. అమెరికాలో 1972లో పౌలా వీసెన్‌ఫెల్డ్ అనే టీచరు కాన్పులో చనిపోయింది. భర్త స్టీఫెన్ బాబుని తనే పెంచుకుందామనుకుని సోషల్ సెక్యూరిటీకి వెళితే, ఇది "తల్లుల భత్యం", భార్య పోయినవాళ్ళకి లేదన్నారు. రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఆ కేసు వాదించారు. 1975లో సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా స్టీఫెన్ పక్షాన తీర్పిచ్చారు. గిన్స్‌బర్గ్ జీవితమంతా ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మనిషి, మగవాడి కేసు ఎందుకు తీసుకున్నారు? ఆ రూలు పౌలాకి కూడా అన్యాయం చేసింది కాబట్టి. ఆమె ఉద్యోగం చేసి పన్ను కట్టింది, ఆమె సంపాదనకి మాత్రం మగవాడి సంపాదనకున్న విలువ లేదంది ఆ చట్టం. బ్రిటన్‌లో 2001 ఏప్రిల్‌లో "వితంతు తల్లి భత్యం" తీసేసి తల్లికీ తండ్రికీ కలిపి ఒకే భత్యం పెట్టారు. అంత దూరమెందుకు, మన హర్యానాలో 2023లో 40 నుంచి 60 ఏళ్ళ మధ్య భార్య పోయినవాళ్ళకి, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉంటే, నెలకి 2,750 పింఛను ప్రకటించారు. హర్యానావాళ్ళకి తోచింది మనకెందుకు తోచలేదు?

మామ విషయంలో నేను తిరిగి తెలుసుకున్నవి కొన్ని కింద రాస్తున్నాను. ఎవరికన్నా పనికొస్తాయి.

1. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం 1995 నుంచి ఉంది. పేదింట్లో సంపాదించే మనిషి 18-59 ఏళ్ళ మధ్య చనిపోతే ఒకసారి 20,000. ఇందులో ఎక్కువమందికి తెలియని మాట: ఇల్లు చూసుకునే ఆడమనిషి కూడా సంపాదించే మనిషే అని మార్గదర్శకాల్లో రాసి ఉంది. మా అత్త పోయినప్పుడు ఒక ఆఫీసులో "చచ్చిపోయింది సంపాదించేటోడు కాదు గదా" అని పంపేశారు. రూలు మా పక్షానే ఉందని అప్పుడు తెలియదు.

2. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్, పిల్లకి నెలకి 4,000. అర్హుల జాబితాలో తల్లి వితంతువు, విడాకులు పొందినది, కుటుంబం వదిలేసినది అని ఉంది, తండ్రి మాట లేదు. కానీ తల్లి గానీ తండ్రి గానీ ప్రాణాంతకమైన జబ్బుతోనో, పిల్లల్ని చూసుకోలేని స్థితిలోనో ఉంటే ఆ దారి ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి.

3. గురుకులాలు. హిందూపురం పక్కన కొడిగెనహళ్ళి గురుకులం 1972 నుంచి ఉంది. మా క్లాసులో అమ్మ లేని కుర్రాడొకడు, నాన్న బెల్లం మార్కెట్లో హమాలీ, పరీక్ష రాసి అక్కడ సీటు తెచ్చుకున్నాడు. వాళ్ళ నాన్నకి ఈ దేశం చేసిన అసలు సాయం అదే. ఆడపిల్లలకి కస్తూరిబా విద్యాలయాల్లో తల్లో తండ్రో లేనివాళ్ళకి ప్రాధాన్యం ఉంటుంది.

4. ఇల్లు అవ్వ పేరునో అక్క పేరునో వచ్చి ఉంటే, ఆమె ఉండగానే వీలునామా రాయించుకోండి. చెప్పడానికి చేదుగా ఉంటుంది. మేం చెప్పలేకపోయాం.

ఇవన్నీ సందుల్లోంచి దూరే దారులు. అసలు కావాల్సింది చిన్నది. పట్టా ఆడవాళ్ళ పేరునే ఇవ్వండి. వితంతువులే సంఖ్యలో చాలా ఎక్కువ, వాళ్ళ కష్టమే పెద్దది, ఒక్క రూపాయి తగ్గించొద్దు. ఫారంలో ఇంకొక్క గడి పెట్టండి: "పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తండ్రి". ఆ గడిలో టిక్కు పెట్టినవాడికి ఇంట్లో ముసలి తల్లి ఉన్నా సరే, పట్టా అతని పేరునా పిల్లల పేరునా కలిపి ఇవ్వండి. తాగుతాడని, అమ్ముకుంటాడని భయమా? పిల్లల పేరు కూడా ఉంటే అమ్మడం అంత తేలిక కాదు. ఒక కొత్త పథకం కూడా అక్కర్లేదు, ఉన్నవాటిలో ఒక కాలమ్.

ఆ రోజు సాయంత్రం రైలుకి బయల్దేరుతుంటే మామ కూతురు కండె చుట్టడం ఆపి కాఫీ తెచ్చింది. "కాలేజీకి పోలేదామ్మా ఈ పొద్దు?" అన్నాను, సెలవులని మర్చిపోయి. "దసరా సెలవులు గదా బావా" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "సెలవులయిపోయినంక గూడా ఈ చీర దిగేవరకు పోలేను" అంది. మామ తల ఎత్తలేదు, పోగులు అతుకుతూనే ఉన్నాడు.

పెద్దమ్మతో నేనే మాట్లాడతానని మాటిచ్చి వచ్చాను. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. మీ వైపు ఇలాంటి తండ్రులు ఎవరన్నా ఉంటే, వాళ్ళ పట్టా ఎవరి పేరున ఉందో ఒకసారి అడిగి చూడండి.